గుడి పక్క గేటు, నాలుగు వందల పన్నెండు బళ్లు

పందొమ్మిదేళ్లు రోడ్ల మీద బళ్లు లెక్కపెట్టి బతికాను. ఇప్పుడు ఆ పని కెమెరాలు చేస్తున్నాయి. కంపెనీ వాళ్లు ఒక కేకు కోసి నన్ను మర్యాదగా ఇంటికి పంపారు. మా తెలుగు చర్చిలో కాలేజీ చదివే పిల్లలు, "బళ్లు కౌంట్ చేయడానికి మనిషెందుకు అంకుల్?" అని అడుగుతుంటారు. మనిషెందుకో నాకూ పూర్తిగా తెలియదు. మనిషి ఉంటే లెక్క ఎన్ని విధాలుగా చెడుతుందో మాత్రం ఒకే ఉదాహరణతో చెప్పగలను. మీలో ఎవరైనా రేపు అంకెల ఉద్యోగాల్లో చేరతారు కాబట్టి చదివి పెట్టుకోండి.

నాకు లెక్కల్లో డిగ్రీ లేదు. ఏ డిగ్రీ లేదు. చీరాల దగ్గర ఒక పొగాకు గోదాములో కాటా గుమాస్తాగా ఉండేవాణ్ణి. మా ఆవిడ నర్సు. ఆమె ఉద్యోగం మీద మిషిగన్ వచ్చి ఫార్మింగ్టన్ హిల్స్‌లో కాపురం పెట్టాం. ఆమె డ్యూటీకి వెళ్లాక నేను లైబ్రరీలో కూర్చుని సగటులు, శాతాలు, పట్టికలు సొంతంగా నేర్చుకున్నాను. ట్రాఫిక్ సర్వేలు చేసే ఒక చిన్న కంపెనీ వాళ్లు నా చేతిరాత చూసి ఉద్యోగం ఇచ్చారు. అంకెలు అంత గుండ్రంగా రాసేవాణ్ణి తామెప్పుడూ చూడలేదన్నారు.

పని కష్టమైనది కాదు. నల్ల రబ్బరు గొట్టాన్ని రోడ్డుకు అడ్డంగా పరిచి మేకులు కొడతాం. చక్రం ఎక్కినప్పుడల్లా గొట్టంలో గాలి తన్నుతుంది. చివరనున్న పెట్టె దాన్ని రాసుకుంటుంది. ముందు చక్రాలు ఒకటి, వెనక చక్రాలు ఒకటి, రెండు తన్నులు కలిస్తే ఒక కారు. ఇందులో నియమాలు రెండే. గొట్టం వేయాల్సిన చోటే వేయాలి. లెక్కపెట్టేవాడు బళ్ల జోలికి పోకూడదు. నేను రెండూ ఒకే గుడి దగ్గర తప్పాను.

ఆ గుడి డెట్రాయిట్ పక్కన ఇంకో ఊళ్లో ఉంది. ఒకప్పుడు అది చక్రాల బూట్లు కట్టుకుని పిల్లలు తిరిగే స్కేటింగ్ హాలు. దానికి తెల్ల గోపురం పెట్టి, లోపల వేంకటేశ్వరుణ్ణి, హనుమంతుణ్ణి, నవగ్రహాలను ప్రతిష్ఠించారు. ముందు గేటు పెద్ద రోడ్డు మీదికి, పక్క గేటు ఇళ్ల మధ్య వీధిలోకి. వీధికి అవతల ఇటుక రంగు అపార్ట్‌మెంట్లు, నిండా మనవాళ్లే. కాస్త దూరంలో ఇండియన్ స్టోరు, ఇడ్లీ పిండి రుబ్బి అమ్మే దుకాణం, జాకెట్లు కుట్టే ఆవిడ, పక్కనే టాక్సులు చూసే ఆయన.

ఆ ఇళ్ల వీధిలో ఒక అమెరికన్ పెద్దావిడ సిటీకి ఫిర్యాదు చేసింది, గుడి బళ్లతో వీధిలో ఊపిరాడటం లేదని. సిటీ వాళ్ల నిబంధన ఒకటుంది. పక్క గేటులో ఏ గంటలోనైనా, వచ్చేవీ పోయేవీ కలిపి వంద దాటితే గేటు మూసేయాలి. లెక్క తేల్చమని మా కంపెనీకి అప్పగించారు. మా బాసు నన్ను పిలిచి, నువ్వు ఇండియన్‌వి కాబట్టి నువ్వే వెళ్లు అన్నాడు. నేను క్రైస్తవుణ్ణి, గుడి సంగతులు నాకంతగా తెలియవు అన్నాను. గుడి సంగతులు సిటీ అడగలేదు, బళ్లే అడిగింది అన్నాడు. అప్పటికి ఆ మాట సబబుగానే తోచింది.

డిసెంబరు మొదట్లో ఒక శుక్రవారం మధ్యాహ్నం గొట్టం పట్టుకుని వెళ్లాను. గేటు మూతి దగ్గర తారు పెళ్లలు పెళ్లలుగా లేచిపోయి ఉంది, మేకు నిలవదు. పెట్టెను గొలుసుతో కట్టడానికి స్తంభం కూడా లేదు. నలభై అడుగులు లోపల ఒక దీపస్తంభం కనిపించింది. గేటులోంచి వచ్చిన బండి ఎలాగూ ఆ స్తంభం ముందునుంచే పోవాలి కదా అని అక్కడ పరిచేశాను. గుడి చుట్టూ వేసిన రోడ్డు కూడా ఆ స్తంభం ముందునుంచే పోతుంది. అది చూశాను. చూసి, గుడి చుట్టూ ఎవరు తిరుగుతారులే అనుకున్నాను.

ఈ మాట ఒక తెలుగువాడు అనుకున్నాడంటే మీరు నమ్మరు. పట్టికలో రాసుకోవడానికి వీలుగా ఆలోచించడం అలవాటైతే బుర్ర ఇలాగే అవుతుంది.

నేను మేకులు కొడుతుంటే పక్క గేటులోంచి ఒక మామ్మగారు నడిచొచ్చింది. పట్టుచీర, దాని మీద మోకాళ్లదాకా కోటు, కాళ్లకు తెల్ల రన్నింగ్ షూస్. నాది ఏ ఊరని అడిగింది. చెప్పాను. ఇంటిపేరు అడిగింది. అదీ చెప్పాను. "చర్చి వాళ్లా? సరేలే నాయనా, చెవులకి ఏదైనా కట్టుకో, ఈ గాలి మంచిది కాదు," అంది. తనది తెనాలి అనీ, కూతురి దగ్గర ఉంటోందనీ, రోజూ నాలుగింటికి ఈ గేటులోంచే వస్తుందనీ చెప్పింది. గొట్టం ఎందుకని అడిగితే గేటు మూసే సంగతి దాచలేకపోయాను.

ఆవిడ గేటు వైపు తిరిగి చూసింది. తర్వాత మెల్లగా అంది. "ఈ దేశంలో ఎవర్నీ అడక్కుండా నేను వెళ్లగలిగేది ఈ ఒక్క చోటికే నాయనా. కూరగాయలకి అల్లుణ్ణి అడగాలి. డాక్టరుకి అమ్మాయిని అడగాలి. గుడికి మటుకు చెప్పులేసుకుని వచ్చేస్తాను."

పక్క గేటు మూస్తే ముందు గేటుకు చుట్టూ తిరిగి రావాలి. నేను తర్వాత చక్రం దొర్లించి కొలిచాను. మైలుకు కాస్త ఎక్కువ, నడిచే బాట లేదు, పక్కనే నలభై అయిదు మైళ్ల వేగంతో ట్రక్కులు పోతుంటాయి. ఆ అపార్ట్‌మెంట్లలో ఇలాంటి పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. అంతమంది నడకకు ఆధారం ఆ గేటొక్కటే.

వారం తర్వాత పెట్టె విప్పాను. శనివారం సాయంత్రం నాలుగు నుంచి అయిదు దాకా: నాలుగు వందల పన్నెండు.

గుడికి పార్కింగ్ స్థలాలే నూట నలభై. నాకు అనుమానం రాలేదని కాదు. గొట్టం పరీక్షించాను, పెట్టె పరీక్షించాను, తన్నులను రెండుతో మళ్లీ భాగించాను. మూడుసార్లూ నాలుగు వందల పన్నెండే వచ్చింది. గుండ్రటి అక్షరాలతో రాసి పంపేశాను.

గుడి చైర్మన్ గారు ఒక కార్ల కంపెనీలో క్వాలిటీ మేనేజరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన నా మీద మండిపడతాడనుకున్నాను. ఆయన ఫోన్ చేసి అభినందించాడు. "మన టెంపుల్‌కి ఆ రేంజ్ ఉందని నేను ముందునుంచీ చెప్తూనే ఉన్నానండీ, కమిటీలో ఎవరూ నమ్మలేదు. ఫోర్ హండ్రెడ్ అండ్ ట్వెల్వ్ పర్ అవర్!" అన్నాడు. వంద దాటితే గేటు మూస్తారని గుర్తు చేస్తే, అది తర్వాత చూసుకుందాం అన్నాడు. ఆ అంకెను గుడి న్యూస్‌లెటర్ మొదటి పేజీలో వేయించాడు. అవతలి ఊరి గుడివాళ్లు చూసి ఫోన్ చేసి, పండగ రోజు కూడా తమకు రెండు వందలు రావటం లేదని ఒప్పుకున్నారట. ఆయన ఆ ఆనందంలో ఉండగానే సిటీ నుంచి నోటీసు వచ్చింది, జనవరి ఆఖరుకు పక్క గేటు మూసేయాలని. అప్పుడు మళ్లీ నాకే ఫోన్ చేసి, ఆ అంకె సిటీకి ఒకటి, న్యూస్‌లెటర్‌కి ఒకటి వేరువేరుగా ఉండే పద్ధతి ఏమైనా ఉందా అని అడిగాడు.

మామ్మగారి మాట నన్ను వదల్లేదు. తర్వాతి శనివారం నాకు సెలవు. మడత కుర్చీ, ఫ్లాస్కులో టీ, చేత్తో నొక్కే లెక్కమిషను తీసుకుని ఆ దీపస్తంభం పక్కన కూర్చున్నాను. ఇరవై డిగ్రీల చలి, మన లెక్కలో సున్నాకు ఏడు కింద.

మొదట ఒక కొత్త వ్యాన్ వచ్చింది. చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్ మీద స్వస్తిక్, గుడి చుట్టూ మూడు తిరుగుళ్లు. ఇది డెట్రాయిట్. ఇక్కడ సగంమంది కార్ల కంపెనీల్లోనే పనిచేస్తారు, రెండేళ్లకోసారి లీజు మారుస్తారు, కాబట్టి గుడికి కొత్త బళ్ల కొరత ఉండదు. మూడు తిరుగుళ్లంటే గొట్టం మీద మూడు కార్లు. సరే, కొంత తెలిసింది అనుకున్నాను. కానీ నాలుగు వందలకు అది చాలదు.

తర్వాత ఒక బూడిదరంగు కారు వచ్చింది, మెల్లగా. వెళ్లి మళ్లీ వచ్చింది. మళ్లీ వచ్చింది. దాని వెనక ఒక ఎర్ర కారు, దాని వెనక ఒక నీలం వ్యాన్. అన్నీ కిటికీలు మూసుకుని, లోపల స్తోత్రాలు పెట్టుకుని, పది మైళ్ల వేగంతో గుడి చుట్టూ తిరుగుతున్నాయి. ఒక సమయంలో ఎనిమిది బళ్లు వరసగా కనిపించాయి. నేను లేచి బూడిదరంగు కారు ఆపాను. అందులో డెబ్బై దాటిన పెద్దాయన, మంకీ క్యాప్ పెట్టుకుని.

"ప్రదక్షిణాలు బాబూ," అన్నాడాయన. "శనివారం పదకొండు చేస్తాను. మోకాళ్లు అరిగిపోయాయి, మంచులో నడవొద్దని డాక్టరు చెప్పాడు. కారులో వద్దని దేవుడు చెప్పలేదు కదా?"

రెండు శీతాకాలాల క్రితం ఈయన మొదలుపెట్టాడట. చూసినవాళ్లకు సీటు హీటరు వేసుకుని ప్రదక్షిణం చేయడంలోని సుఖం వెంటనే అర్థమైంది. మోకాళ్లు బాగున్నవాళ్లు కూడా చేరారు. నీలం వ్యాన్‌లో ఉన్న దంపతులు గ్రీన్‌కార్డు వస్తే నూట ఎనిమిది చేస్తామని మొక్కుకున్నారు, వచ్చింది. ఆయన యాభై నాలుగు నడిపాక ఆవిడ యాభై నాలుగు నడపాలని ఏర్పాటు. వెనక సీట్లో ఇద్దరు పిల్లలు టాబ్లెట్ చూసుకుంటున్నారు. కారులో నలుగురుంటే అది ఒక ప్రదక్షిణమా, నాలుగా అని నాకు నిజంగా సందేహం వచ్చి పూజారి గారిని అడిగాను. ఆయన నా ముఖం చూసి, "సీటుబెల్టు పెట్టుకున్నవాళ్లందరికీ వస్తుందండీ," అని హారతి పళ్లెం పట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు.

ఆ గంటలో స్తంభం ముందునుంచి పోయిన బళ్లు మూడు వందల తొంభై. గేటు దాటినవి నలభై రెండే.

లెక్క తప్పలేదు, లెక్కపెట్టిన చోటు తప్పు. సోమవారం బాసుకు ఒప్పుకున్నాను. ఆయన కళ్లజోడు తీసి, గుడి చుట్టూ కార్లు ఎందుకు తిరుగుతాయో ఒక్క వాక్యంలో రాసివ్వమన్నాడు. ఏడు వాక్యాలయ్యాయి. సిటీ వాళ్లు చదివి, జనవరి మూడో శనివారం తమ ఇంజనీరు పక్కన ఉండగా గేటు మూతి దగ్గరే చేత్తో మళ్లీ లెక్కపెట్టాలని, ఆ అంకే ఆఖరు అని జవాబు రాశారు.

మధ్యలో ఉన్న శనివారాలన్నీ నేను వెళ్లి కూర్చున్నాను. జీతం లేదు. ఎందుకంటే కారణం చెప్పలేను. మా పాస్టరు గారికి ఈ సంగతి తెలిసి, అక్కడ ఏం చేస్తున్నావని అడిగితే లెక్కపెడుతున్నానన్నాను. ఆయన దానికి వాక్యంలో అభ్యంతరం వెతికి, దొరక్క ఊరుకున్నాడు. ఇంతలో గుడివాళ్లు నన్ను కనిపెట్టేశారు. ఒకరోజు ఎర్ర కారు ఆవిడ అద్దం దించి, "మీరెలాగూ కౌంట్ చేస్తున్నారు కదండీ, నావి ఎన్నయ్యాయి?" అంది. ఆరు అన్నాను. మనిషి ముఖం వెలిగింది. అప్పటినుంచి ప్రతివాళ్లూ నా ముందుకొచ్చి అద్దం దించడమే. నేను ఒక్కొక్క బండికి ఒక గడి గీసుకున్నాను. మీవి తొమ్మిది, ఇంకా రెండు. మీవి మూడు. మీది నూట ఒకటి, మీవారు మధ్యలో ఒకటి వదిలేశారు. వాళ్లంతా తమ లెక్క మానేసి నా లెక్క మీద ఆధారపడ్డారు. నేను ఒక్కసారీ తప్పు చెప్పలేదు.

చైర్మన్ గారికి ఒకటికి రెండుసార్లు చెప్పాను, ఆ శనివారం ఏమీ మార్చకండి, రోజూ ఎలా ఉంటే అలాగే ఉంచండి అని. ఆయన తలూపాడు. కానీ ముప్ఫై ఏళ్లు క్వాలిటీ చూసినవాడు చేతులు కట్టుకుని కూర్చోలేడు. ఆ శనివారం మధ్యాహ్నం నేను వెళ్లేసరికి గుడి చుట్టూ రోడ్డుకు నారింజ రంగు కోన్లు అడ్డం పెట్టి, పసుపు జాకెట్లు వేసుకున్న వాలంటీర్లు నిలబడి ఉన్నారు. లోపలి ప్రదక్షిణాలు ఇవాళ బంద్. "ప్రాబ్లం రూట్ కాజ్‌లోనే కట్ చేసేశానండీ," అన్నాడు ఆయన సంతోషంగా.

సిటీ ఇంజనీరు నడివయసు అమెరికన్ ఆవిడ, నాలాగే మెత్తటి పెన్సిలు వాడే మనిషి. గేటు బయట పక్కపక్కన కుర్చీలు వేసుకున్నాం. నాలుగింటికి మొదలుపెట్టాం. మామ్మగారూ ఇంకో ముగ్గురూ మా ముందునుంచే లోపలికి నడిచి వెళ్లారు.

నాలుగూ అయిదుకు బూడిదరంగు కారు పక్క గేటులోంచి బయటికి వచ్చింది. ఒకటి నొక్కాను. అది కుడికి తిరిగి వీధిలోకి వెళ్లింది. నాలుగు నిమిషాలకు మళ్లీ అదే గేటులోంచి బయటికి వచ్చింది. వెనక ఎర్ర కారు, నీలం వ్యాను, ఇంకో రెండు.

భక్తులు మొక్కు మానుకోరు కదా. లోపల బంద్ అంటే వృత్తం పెద్దది చేసుకున్నారు. పక్క గేటులోంచి వీధిలోకి, వీధిలోంచి పెద్ద రోడ్డుకు, ముందు గేటులోంచి మళ్లీ లోపలికి. అన్నీ కుడి మలుపులే, గుడి కుడిపక్కనే ఉంటుంది, శాస్త్రానికీ ట్రాఫిక్ రూల్సుకీ లోటు లేదు. ఇప్పుడు ఆ ప్రదక్షిణం గుడితో పాటు ఒక పళ్ల డాక్టరు క్లినిక్కుకీ, నాలుగు ఇళ్లకీ జరుగుతోంది. ఆ నాలుగింట్లో ఒకటి ఫిర్యాదు చేసిన పెద్దావిడది. ఆవిడ కిటికీ తెర తీసి నిలబడి తన ఇంటికి జరుగుతున్న ప్రదక్షిణం చూస్తోంది.

అద్దాలు మామూలుగానే దిగుతున్నాయి. ఎన్నయ్యాయండీ? అయిదు. ఎన్నయ్యాయండీ? నాలుగు. ఇంజనీరు గారు ఏమడుగుతున్నారని అడిగింది. తమ అంకె అడుగుతున్నారన్నాను. పౌరులకు లెక్కల మీద ఇంత ఆసక్తి ఉండటం ఈ ఊళ్లో ఇంకెక్కడా చూడలేదని మెచ్చుకుంది.

నాలుగూ నలభైకి నా మిషను మీద డెబ్బై ఎనిమిది. ఆవిడ కాగితం మీదా డెబ్బై ఎనిమిదే. పెన్సిలు అక్కర్లేకుండానే లెక్క తేలిపోయింది. ఇదే వేగంతో అయిదింటికి నూట పదిహేడు. తిరిగే ఆ అయిదు బళ్లూ ఆగిపోతే తొంభై ఎనిమిదో తొంభై తొమ్మిదో. లేచి వెళ్లి చైర్మన్‌కి చెప్పొచ్చు, కానీ లెక్క మధ్యలో కుర్చీ వదిలితే ఆ గంట రద్దు, పాత అంకే ఖాయం. పాత అంకె నాలుగు వందల పన్నెండు, నా చేత్తో రాసింది.

బూడిదరంగు కారు గేటు దాటి ఆగింది. అద్దం దిగింది. "ఎన్నయ్యాయి బాబూ?"

నా కాగితం మీద ఎనిమిది గీతలున్నాయి.

"పదకొండు," అన్నాను. "అయిపోయాయి సార్. పార్క్ చేసేయండి."

పెద్దాయన నావంక ఒక్క క్షణం చూశాడు. సరే బాబూ అని అద్దం ఎత్తేసి వెళ్లాడు. తర్వాత ఎర్ర కారు, ఆరు. పదకొండన్నాను. నీలం వ్యాన్ దంపతులు గ్రీన్‌కార్డు మొక్కు తీరాక అలవాటు కొద్దీ పదకొండుకు వస్తున్నారు, వాళ్లవి తొమ్మిది. పదకొండన్నాను. మిగతా ఇద్దరివీ అయిదు, ఏడు. పదకొండు, పదకొండు. అందరూ థాంక్స్ చెప్పి, ముందు గేటులోంచి లోపలికి వెళ్లి బళ్లు పెట్టేశారు. మొత్తం ఇరవై ప్రదక్షిణాలు నేను నోటితో మింగేశాను. పొగాకు గోదాములో కాటా దగ్గర కూడా అంత పని చేయలేదు.

అయిదింటికి ఇద్దరం మిషన్లు ఆపాం. తొంభై ఎనిమిది. ఇంజనీరు గారు అంకె రాసి, కింద సంతకం పెట్టి, నా సంతకం తీసుకుని వెళ్లిపోయింది. గేటు ఉంటుంది. తర్వాత నివేదికలో చిన్న అక్షరాలతో, లెక్క సమయంలో లెక్కించినవాడు అయిదుగురు డ్రైవర్లతో మాట్లాడాడు, దాని ప్రభావం అంకె మీద ఉండవచ్చు అని నిజమే రాశాను. మా బాసు చదివాడు, తీసేయలేదు. సిటీ వాళ్లు చదివారో లేదో తెలియదు, ఈనాటిదాకా ఎవరూ అడగలేదు.

ఆ సాయంత్రం కుర్చీ మడిచి లోపలికి వెళ్లాను. కోన్లు ఇంకా ఉన్నాయి. కోన్ల అవతల, గుడి గోడకు చెయ్యి ఆన్చి, బూడిదరంగు కారు పెద్దాయన మంచులో నడుస్తున్నాడు. అడుగు తీసి అడుగు వేయడానికి ఆగి ఊపిరి పీల్చుకుంటున్నాడు. నేను పరుగెత్తుకెళ్లి తప్పు చెప్పానని ఒప్పుకున్నాను.

"ఎనిమిదని నాకూ తెలుసు బాబూ," అన్నాడు. "నలభై ఏళ్లు ఆడిటరు పని చేశాను, నా లెక్క నేను మానేస్తానా. ఎప్పుడూ తప్పు చెప్పనివాడివి పదకొండన్నావంటే బండి ఆపమంటున్నావని అర్థమైంది. ఆపేశాను. మిగతా మూడూ నడిచేస్తే సరిపోతుంది."

పట్టుకుంటాను సార్, నా భుజం మీద చెయ్యి వేయండి అన్నాను. ఆయన ఆలోచించాడు.

"పట్టుకుంటే ఫలంలో నీకు భాగం పోదూ?"

"నేను చర్చి మనిషినండీ. నా పేర ఏమీ జమకాదు."

"అయితే పట్టుకో," అని చెయ్యి ఇచ్చాడు.

మూడు ప్రదక్షిణాలకు ఇరవై ఆరు నిమిషాలు పట్టింది. ఆ ఇరవై ఆరు నిమిషాల్లో పక్క గేటులోంచి పదిహేడు మంది పెద్దవాళ్లు ప్రసాదం పొట్లాలు పట్టుకుని ఇళ్లకు నడిచి వెళ్లారు. వాళ్లను లెక్కపెట్టమని నన్నెవరూ అడగలేదు.